సీటు దొరికింది, గది దొరకలేదు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. మనిషి ఓపికనూ జేబునూ పరీక్షించే పనులు ఈ రెండేనని వారి అనుభవం. అద్దెకు ఇల్లు అడగడం కూడా ఒక పరీక్షేనని ఆ సామెత కట్టినవారికి తెలిసి ఉండదు. తెలిస్తే ‘గది అడిగి చూడు’ అన్న మూడో మాట కూడా అందులో చేరేది. ఏటా లాసెట్ కౌన్సెలింగ్ ముగిసి, సీటు కేటాయింపు పత్రం చేతబట్టుకొని పల్లెల నుంచి పిల్లలు నగరానికి వచ్చే రోజుల్లో, న్యాయశాస్త్రం బోధించే నాకు ఆ లేని మూడో మాటే గుర్తుకొస్తుంది.

గత విద్యా సంవత్సరం మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరిన ఒక విద్యార్థిని సంగతి చెబుతాను. ఆమెది పాలమూరు ప్రాంతం. తల్లి వ్యవసాయ కూలీ. డిగ్రీ దాకా సంక్షేమ హాస్టళ్లలోనే చదివింది. మంచి ర్యాంకు తెచ్చుకొని హైదరాబాద్‌లో సీటు సంపాదించింది. హాస్టల్ దరఖాస్తు మాత్రం వెయిటింగ్ లిస్టులో పడింది. తల్లీకూతుళ్లు రెండు రోజులు తిరిగి, కాలేజీకి నడిచి వెళ్లగలిగే దూరంలో మేడ మీద ఒక గది చూసుకున్నారు. అద్దె కుదిరింది. కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు ఎవరు కట్టాలో కూడా మాట్లాడుకున్నారు. అడ్వాన్స్ చేతిలో పెట్టబోతుండగా ఇంటావిడ తల్లిని అడిగింది: ‘ఇంతకీ మీరేమోళ్లమ్మా?’

తల్లి దాచలేదు. ‘మాదిగోళ్లమమ్మా’ అంది. ఇంటావిడ కోపపడలేదు, పరుషంగా ఒక్క మాట అనలేదు. ‘మా ఆయన్ను అడిగి సాయంత్రం ఫోన్ చేస్తా’ అంది. సాయంత్రం ఫోన్ వచ్చింది. ఊరి నుంచి వాళ్ల బంధువుల అబ్బాయి వస్తున్నాడట, గది అతనికే ఇవ్వాల్సి వచ్చిందట. ఆ గేటుకు టు-లెట్ బోర్డు మాత్రం మరుసటి నెల దాకా అలాగే వేలాడింది.

ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చినప్పుడు నేనిచ్చిన సలహా తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ‘ఇకమీదట ఎవరైనా అడిగితే ఇంకేదైనా చెప్పు’ అన్నాను. నేనూ అదే పని చేసి బతికినవాణ్ణి గనుక అన్నాను. ఇరవై ఏళ్ల కిందట పరిశోధక విద్యార్థిగా ఈ నగరంలోనే ఒక గదిలో అద్దెకున్నాను. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరానికి కుదించుకున్నాను. గోడకు దేవుడి క్యాలెండరు తగిలించాను. ఆదివారాలు కూడా మాంసం వండలేదు. ఊరి నుంచి నాన్న వస్తే గదికి తీసుకుపోలేదు. ఇమ్లీబన్ బస్టాండులోనే కలిసి, టీ తాగించి, సాయంత్రం బస్సు ఎక్కించేవాణ్ణి. ఎందుకని ఆయన ఏనాడూ అడగలేదు. నా డాక్టరేటులో ఆ బస్టాండు బెంచీ కూడా ఒక అధ్యాయమే. అది సిద్ధాంత గ్రంథంలో మాత్రం కనిపించదు.

విద్యార్థిని నా సలహా తీసుకోలేదు. ‘రాజ్యాంగం చదువుకోవడానికి వచ్చాను సార్, మొదటి రోజే అబద్ధం చెప్పమంటారా?’ అంది. నగరం చివర ఒక బస్తీలో దూరపు బంధువుల ఇంట్లో చేరింది. అక్కడి నుంచి కాలేజీకి రెండు బస్సులు మారాలి.

ఈ అనుభవానికి మన దేశంలో పాత చరిత్రే ఉంది. 1917లో బరోడా రైల్వే స్టేషనులో దిగిన ఒక యువకుడు తనను ఏ హోటలు చేర్చుకుంటుందా అని ఆలోచించాడు. అప్పటికే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివినవాడు. 1916లో లండన్‌లోని గ్రేస్ ఇన్‌లో బారిష్టరు చదువుకు పేరు నమోదు చేసుకొని, ఉపకారవేతనం గడువు తీరి మధ్యలోనే తిరిగివచ్చినవాడు. సంస్థానంలో ఉద్యోగం ఉంది, తల దాచుకునే చోటు లేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకొని చేరాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకొని వచ్చిన గుంపు సాయంత్రంలోగా ఖాళీ చేయమంది. హిందూ మిత్రుణ్ణి ఒకరిని, క్రైస్తవ మిత్రుణ్ణి ఒకరిని ఆశ్రయం అడిగాడు. ఇద్దరూ మర్యాదగానే తప్పించుకున్నారు. రైలు వేళ దాకా ఊరి ఉద్యానవనంలో కూర్చొని, ఆ రాత్రే బొంబాయి రైలెక్కాడు. అంబేడ్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో తానే రాసుకున్న సంగతి ఇది.

ఆయన 1920లో మళ్లీ లండన్ వెళ్లి న్యాయవిద్య పూర్తిచేశాడు. 1921–22లో కింగ్ హెన్రీస్ రోడ్డు పదో నెంబరు ఇంట్లో అద్దెకున్నాడు. ఆ ఇంటిని 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొని స్మారకంగా మార్చింది. పరాయి దేశంలో ఆయన అద్దెకున్న గదిని కోట్లు పోసి కొనుక్కున్నాం. స్వదేశంలో ఆయనకు దొరకని గది సంగతి మాత్రం మరిచిపోయాం. నేను దేవుడి క్యాలెండరు తగిలించుకున్నదీ, ఆయన పార్సీ పేరు రాయించుకున్నదీ ఒకే భయంతో. రెంటి మధ్యా ఎనభై ఏళ్లకు పైగా గడిచాయి. నడుమ రాజ్యాంగమూ వచ్చింది.

మొదటి సెమిస్టరులో ప్రాథమిక హక్కుల పాఠం జరుగుతుండగా ఆ విద్యార్థిని లేచి అడిగింది: ‘ఆర్టికల్ 15లో దుకాణం ఉంది, హోటలు ఉంది, బావి ఉంది, చెరువు ఉంది, స్నానఘట్టం ఉంది, రోడ్డు ఉంది. ఇల్లు ఎందుకు లేదు సార్?’ క్లాసు నిశ్శబ్దమైంది. ఆ ప్రశ్నకు ఆ రోజు నేను చెప్పిన జవాబు సగమే. మిగతా సగం చెప్పడానికే ఈ వ్యాసం.

ఆర్టికల్ 15లో మొదటి భాగం రాజ్యాన్ని కట్టడి చేస్తుంది. రెండో భాగం పౌరుల మధ్య వివక్షను కూడా నిషేధిస్తుంది. అందులోని ‘దుకాణం’ అనే మాట మీద 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో చర్చ జరిగింది. ఒప్పుకున్న షరతుల మీద సేవ అందించే ఎవరికైనా ఆ మాట వర్తిస్తుందని, దాన్ని విశాలార్థంలోనే వాడామని అంబేడ్కర్ వివరించాడు. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసు తీర్పులో, ఉస్మానియాలో లా చదివిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ఆ వివరణనే ఆధారం చేసుకొని, ప్రైవేటు విద్యాసంస్థలు కూడా ఆ పదం పరిధిలోకి వస్తాయన్నారు. మరి గేటుకు టు-లెట్ బోర్డు కట్టి, అద్దె ఇంత, అడ్వాన్స్ ఇంత అని చెప్పే మనిషి చేస్తున్నది ఏమిటి? షరతుల మీద సేవ అమ్మడమే కదా. ఆ బోర్డు వేలాడదీసిన క్షణం నుంచి ఆ గది సొంత పడకగది కాదు, సంతలోకి తెచ్చిన సరుకు. ఆర్టికల్ 15లో ఇల్లు లేదనడం కన్నా, ఆ మాటలో ఇంటిని చూసే కన్ను మన న్యాయస్థానాలకు ఇంకా తెరుచుకోలేదనడం సరైనది.

రాజ్యాంగ వ్యాఖ్యానం దాకా పోనక్కరలేకుండా నేరుగా వర్తించే చట్టం కూడా ఉంది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్ ఎనిమిదో క్లాజు ప్రకారం, అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాస గృహం కట్టుకోకుండా, సంపాదించుకోకుండా, అందులో నివసించకుండా అడ్డుకోవడం నేరం. షెడ్యూల్డ్ కులాల వ్యక్తి పట్ల అలాంటి చర్య జరిగితే, కాదని రుజువయ్యేదాకా అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలని 12వ సెక్షన్ చెబుతోంది. అంటే రుజువు భారాన్ని చట్టం గది అడిగినవాళ్ల నెత్తిన పెట్టలేదు. నేను ఇరవై ఏళ్లుగా న్యాయవిద్యలో ఉన్నాను. ఈ క్లాజు కింద ఒక్క ఇంటి యజమాని మీద కేసు పెట్టిన విద్యార్థిని గానీ, పెట్టించిన అధ్యాపకుణ్ణి గానీ చూడలేదు. ఆ అధ్యాపకుల్లో నేనూ ఒకణ్ణి.

కారణాలు వెదకడం కష్టం కాదు. కాలేజీలో చేరిన వారానికే పోలీస్ స్టేషన్ మెట్లెక్కమని ఏ తల్లి చెబుతుంది? ఎక్కినా, ‘బంధువులు వస్తున్నారన్నారు కదమ్మా, ఇందులో కులమెక్కడుంది?’ అనే ప్రశ్న ఎదురవుతుంది. అన్నీ దాటి నేరం రుజువైనా శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి ఐదు వందల రూపాయల జరిమానా. బాధితురాలికి గది మాత్రం రాదు. మరోవైపు అద్దె చట్టాలు అద్దె ఎంత ఉండాలి, ఎప్పుడు ఖాళీ చేయించాలి అన్నవే పట్టించుకుంటాయి. గుమ్మంలోకి రానివ్వకపోవడం గురించి మాట్లాడవు. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం కూడా ఆ మౌనాన్నే కొనసాగించింది. 2005లో జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం కేసులో సుప్రీంకోర్టు, సభ్యత్వాన్ని ఒక సమూహానికే పరిమితం చేసుకునే నిబంధనను సమర్థించింది. కులాల వారీ కాలనీలకు ఆ తీర్పు ధైర్యమిచ్చింది.

ఇదంతా ఒక అమ్మాయి దురదృష్టమని కొట్టిపారేయడానికి వీల్లేదు. సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ, దాని పరిసర నగరాల్లో అద్దె ఇళ్ల మీద జరిపిన అధ్యయనం 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఇల్లు అడిగిన దళితుల్లో 18 శాతం మందికి, ముస్లింలలో 31 శాతం మందికి లేదనే జవాబు వచ్చింది. అగ్రకులాల వారిని ఎవరూ కాదనలేదు. మన నగరంలో ప్రశ్న యాస మారుతుంది, అంతే. ఒకచోట ‘ఏమోళ్లు’ అంటారు, ఇంకోచోట ‘ఇంటిపేరేమిటి’ అంటారు, మరోచోట ‘మీరు నాన్‌వెజ్ తింటారా’ అంటారు. ముస్లిం విద్యార్థికి అసలు ప్రశ్నే ఉండదు, పేరు వినగానే గది నిండిపోతుంది.

‘బ్యాచిలర్లకు ఎవరికైనా గది దొరకడం కష్టమే, దీన్ని కులంతో ముడిపెట్టడమెందుకు’ అని అడిగేవారున్నారు. కష్టం అందరికీ ఉందన్న మాట నిజమే. దాన్ని దాటే దారులు మాత్రం అందరికీ లేవు. నగరంలో మేనమామ ఇల్లు, బాబాయి ఫ్లాట్, ఊరి పెద్దమనిషి ఫోన్ కాల్ ఉన్నవారికి అది రెండు రోజుల కష్టం. హైదరాబాద్ చరిత్రే దీనికి సాక్ష్యం. 1918లో రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి చొరవతో, సంపన్నుల విరాళాలతో ఈ నగరంలో రెడ్డి హాస్టల్ వెలిసింది. రావి నారాయణరెడ్డి వంటివారు అక్కడ ఉండే చదువుకున్నారు. ఇతర కులాల వసతి గృహాలూ ఆ దారిలోనే వచ్చాయి. వాటిని నేను తప్పుపట్టడం లేదు. అవి చెబుతున్న సత్యాన్ని గుర్తుచేస్తున్నాను. పల్లె బిడ్డకు నగరంలో చదువు కావాలంటే ముందు గది కావాలని భూమి ఉన్న కులాలు నూరేళ్ల కిందటే గ్రహించాయి. అదే కాలంలో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల పిల్లల కోసం ఈ నగరంలో బడులు నడిపాడు. భవనాలు కట్టగల జమీందార్లు ఆ పక్షాన లేరు. ఆ లోటును పూడ్చాల్సిన బాధ్యత అందుకే రాజ్యం మీద పడింది.

ఆ బాధ్యతను రాజ్యం ఎలా నిర్వహిస్తోందో న్యాయవిద్యలోనే చూడవచ్చు. షామీర్‌పేటలోని నల్సార్, సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఆవాస విద్యాసంస్థలు. క్లాట్ రాసి అక్కడ చేరినవారికి సీటుతోపాటే గదీ వస్తుంది. ఆ ఫీజులు భరించడం, ఇంగ్లిష్‌లో ఆ పరీక్ష నెగ్గడం పల్లె దళిత విద్యార్థులకు ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. వారిలో ఎక్కువమంది వచ్చేది లాసెట్ ద్వారానే. అక్కడ సీటు ఒక కౌంటరులో, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకో కౌంటరులో, హాస్టల్ మరో శాఖలో. గది అత్యవసరమైనవారికే గది లేని సీటు ఇస్తున్నాం. తొలి దళిత ముఖ్యమంత్రి సంజీవయ్య తానూ మద్రాసులో లా చదివినవాడే. ఆయన పేరు పెట్టుకున్న రాష్ట్రాల్లో ఆయన వంటి పిల్లలు బస్టాపుల్లో చదువుకుంటున్నారు.

లా కాలేజీకి దూరంగా ఉండటమంటే బస్సు చార్జీ ఒక్కటే నష్టం కాదు. మూట్ కోర్టు సాధన సాయంత్రం క్లాసులయ్యాకే మొదలవుతుంది. లైబ్రరీలో తీర్పుల సంపుటాలు తిరగేసేది చీకటి పడ్డాకే. సీనియర్ న్యాయవాది ఆఫీసులో ఇంటర్న్‌గా చేరినవారిని రేపటి కేసు ఫైలు చూడమనేది రాత్రి ఎనిమిది గంటలకు. నా విద్యార్థిని ఆరున్నరకే బస్సెక్కాలి. ఆమెకు మాట్లాడే శక్తి లేక కాదు, చివరి బస్సు వెళ్లిపోతుందని మూట్ కోర్టు జట్టులో చేరలేదు. ‘చురుకుగా పాల్గొనదు’ అని అధ్యాపకుల సమావేశంలో ఒకరు అంటుంటే విన్నాను. ప్రతిభ అని మనం మార్కులు వేసే దానిలో ఎంత భాగం అద్దె గది దూరమో ఎన్నడూ లెక్కగట్టలేదు.

ఈ దూరం కాలేజీతో ఆగదు. మూట్ కోర్టు చేయనివారికి మంచి ఇంటర్న్‌షిప్ దొరకదు. అది లేనివారిని పేరున్న ఆఫీసు జూనియర్‌గా తీసుకోదు. పెద్ద ఆఫీసుల్లో పనిచేయనివారు హైకోర్టు బార్‌లో గుర్తింపు పొందడం కష్టం. న్యాయమూర్తులు ఎక్కువగా వచ్చేది ఆ బార్ నుంచే. 2018 నుంచి 2022 డిసెంబర్ దాకా దేశంలో నియమితులైన 537 మంది హైకోర్టు న్యాయమూర్తుల్లో ఎస్సీలు 2.8 శాతం, ఎస్టీలు 1.3 శాతం మాత్రమేనని కేంద్ర న్యాయశాఖే పార్లమెంటరీ సంఘానికి తెలిపింది. ఈ అంకెలకు కొలీజియం ఒక్కటే కారణమనుకోవడం సులువు. వాటి వేళ్లు ఏ గల్లీలో, ఏ గేటు దగ్గర మొదలవుతున్నాయో కూడా చూడాలి.

హాస్టల్ దొరికితే చాలని కూడా అనుకోలేం. 2015 చివర్లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదుగురు దళిత పరిశోధకులను హాస్టల్ నుంచి వెలివేస్తే, వారు ఆరుబయట గుడారం వేసుకొని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. వారిలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న మనకు లేకుండా పోయాడు. గది అంటే నాలుగు గోడలు కాదు, మనుషుల మధ్య నీకూ చోటుందనే హామీ అని ఆ గుడారం చెప్పింది. ఊరినీ వాడనూ విడదీసిన గీత విశ్వవిద్యాలయం ప్రహరీ దగ్గర చెరిగిపోదని కూడా చెప్పింది.

‘నా ఇల్లు నా ఇష్టం’ అనేవారికి ఒక మాట. అమెరికాలోని సియాటిల్ నగరపాలక మండలి 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. ఆ నిషేధం ఇళ్ల అద్దెకూ వర్తిస్తుంది. అక్కడ స్థిరపడిన తెలుగువారు కులం అడిగి గది నిరాకరిస్తే చట్టం ముందు జవాబు చెప్పాలి. అమెరికా గల్లీలో చెల్లని ఇష్టం అమీర్‌పేట గల్లీలో ఎందుకు చెల్లాలి? మనకు 1955 నుంచే చట్టముంది గదా.

చేయాల్సిన పనులు అసాధ్యమైనవేమీ కావు. లాసెట్ కౌన్సెలింగ్‌లోనే సీటుతోపాటు వసతి కేటాయింపు జరగాలి. నగరం వెలుపలి నుంచి వచ్చే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు, ముఖ్యంగా అమ్మాయిలకు, న్యాయ కళాశాలలకు నడక దూరంలో హాస్టళ్లు కట్టాలి. కట్టేదాకా ప్రభుత్వమే భవనాలు అద్దెకు తీసుకొని నడపాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ తమ అద్దె చట్టాల్లో కుల, మత వివక్షను స్పష్టంగా నిషేధించి, బాధితులకు సత్వర పరిహారం వచ్చే ఏర్పాటు చేయాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం పొందే హక్కుంది. ప్రతి లా కాలేజీలోని న్యాయసహాయ కేంద్రం కొత్త విద్యార్థుల అద్దె ఫిర్యాదులతోనే తన ఏడాది పని మొదలుపెట్టాలి. పౌరహక్కుల చట్టాన్ని పాఠంగా చెప్పడం కన్నా, ఒక్క ఫిర్యాదు రాయించడం మేలైన బోధన.

ఇక మన అధ్యాపకుల సంగతి. మనలో చాలామందికి ఈ నగరంలో సొంత ఇళ్లున్నాయి, అద్దెకిచ్చిన పోర్షన్లూ ఉన్నాయి. క్లాసులో ఆర్టికల్ 17 చెప్పి వచ్చి గేటు దగ్గర ఇంటిపేరు అడిగేవారు మనలో లేరని ప్రమాణం చేయగలమా? మనం ఉండే అపార్టుమెంటు సంఘాల సమావేశాల్లో ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్న గుసగుస వచ్చినప్పుడు నోరు విప్పామా? నేను విప్పలేదు. నా ఇంటిపేరు మళ్లీ చర్చకు వస్తుందని జంకాను.

ఆ విద్యార్థిని ఇప్పుడు రెండో ఏడాదిలో ఉంది. హాస్టల్ వెయిటింగ్ లిస్టులో ఆమె పేరు కొంత పైకి వచ్చింది, గది మాత్రం ఇంకా రాలేదు. మొన్న నన్ను కలిసి, తనను తిప్పిపంపిన ఆ ఇంటి విషయమై 4వ సెక్షన్ కింద ఫిర్యాదు రాసి తెచ్చానని చూపించింది. భాష బాగుంది, క్లాజు నెంబరు సరిగ్గా ఉంది. ఏడాది ఆలస్యమైంది గదా అన్నాను. ‘నాకు గది కోసం కాదు సార్, వచ్చే ఏడాది వచ్చేవాళ్ల కోసం’ అంది. సాక్షుల వరుసలో తల్లి పేరు ఒక్కటే ఉంది. దాని కింద నా పేరు రాశాను. గది నిరాకరించినప్పుడు నేనక్కడ లేను. కానీ ‘అబద్ధం చెప్పు’ అని సలహా ఇచ్చినప్పుడు ఉన్నాను. ఆ సంగతి చెప్పడానికైనా సాక్షిగా నిలబడాలి.